పసుపు చీటీ అంటించిన కవరు

మా శ్రోతల సంఘంలో పదకొండు మందిమి. లెక్కకి ఇరవై రెండు చెవులు. కానీ పనిచేసేవి వారెన్ స్కోగ్లుండ్ చెవులు రెండే. మిగతా ఇరవై కళ్లజోడు తగిలించుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

వారెన్ సెయింట్ క్లౌడ్‌లో ముప్పై ఆరేళ్లు పళ్ల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. అంటే ముప్పై ఆరేళ్లు, రోజుకు ఎనిమిది గంటలు, చెవికి జానెడు దూరంలో డ్రిల్లు గీపెట్టించుకున్న మనిషి. ఆ చెవుల్లో సన్నటి శబ్దాలకు ఇంకా చోటెక్కడ మిగిలి ఉంటుందో ఎవరూ అడగరు. మా సంఘంలో ఆయనకి బంగారు చెవులని పేరు. ఆయన ఒక హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంటే మిగతా వాళ్లు ఊపిరి బిగబట్టి ఆ ముఖం వంక చూస్తారు. కనుబొమ్మ లేచిందా, ఆ హెడ్‌ఫోన్ గొప్పది. పెదవి విరిచిందా, దాని పని సరి. వస్తువు తలకి పెట్టుకోకుండా ఇంకొకడి కనుబొమ్మని చూసి శబ్దం ఎలా ఉందో తేల్చుకునే జనాన్ని నేను ఇక్కడే చూశాను.

వీళ్లు పాటలు వినరు. పాటని అడ్డం పెట్టుకుని తాము కొన్న సామాను వింటారు. కర్టిస్ బ్రేకె అని ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు ఉన్నాడు. అతని దగ్గర తొమ్మిది ఆంప్లిఫయర్లు ఉన్నాయి, విన్న పాటలు ఆరు. ఆరింటిలో కూడా మొదటి ముప్పై సెకన్లే. తాళం మోగే చోటు, గాయని ఊపిరి పీల్చే చోటు, అంతే. ఆ తర్వాత ఆవిడ ఏం పాడిందో అతనికి ఈ రోజుకీ తెలియదు.

నేనేదో గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నానని అనుకోకండి. నా దగ్గర కూడా మూడు హెడ్‌ఫోన్లు, రెండు ఆంప్‌లు ఉన్నాయి. ఆరేళ్లుగా నెలకో శనివారం లూథరన్ చర్చి బేస్‌మెంట్‌లో వీళ్లతో కూర్చుని, పలచటి కాఫీ తాగి, గుమ్మడికాయ బార్లనే తీపి ముక్కలు తిని వస్తున్నాను. నా పేరు కారిన్ ఓస్ట్‌బీ. కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు స్టెనోగా చేశాను. సాక్షి ఏడుస్తూ చెప్పినా, నోట్లో గొణిగినా, లాయర్లిద్దరూ ఒకేసారి అరిచినా, విన్నది విన్నట్టు రాయడం నా పని. గొణుగుడు టేపుల్ని మంచి హెడ్‌ఫోన్లతో విని విని ఈ పిచ్చి పట్టింది. ఆ పాత స్టెనో యంత్రం ఇప్పటికీ నా వంటింటి బల్ల మీదే ఉంటుంది. ఏం విన్నా నా వేళ్లు దాని మీదికి పోతాయి. అలవాటు.

మా సంఘానికి ఒక పెట్టె ఉంది. ఎవరైనా కొత్తగా హెడ్‌ఫోన్ తయారుచేస్తే దాన్ని ఆ పెట్టెలో పెట్టి వాళ్లు మాకు పంపుతారు. అది ఇంటింటికీ తిరుగుతుంది. ఒక్కొక్కరి దగ్గర వారం. విన్నవాళ్లు పెట్టెలో ఉన్న నోట్‌బుక్‌లో తమకేమనిపించిందో రాసి, పదికి ఇన్ని మార్కులని వేసి, తర్వాతి ఇంటికి పంపాలి. చివరికి అందరూ చేరి తీర్పు చదువుతారు. ఈ తీర్పుని చూసి సరుకు తెప్పించుకునే దుకాణాలు కూడా ఉన్నాయి. నవ్వొస్తుంది గానీ నిజం.

దీనికి వారెన్ ఒక నియమం పెట్టాడు. తయారుచేసినవాళ్లు రాసిచ్చిన కాగితాలు ముందే చదవకూడదట. వాళ్ల డప్పు వింటే మన చెవులు పాడైపోతాయట. అందుకని ఆ కాగితాల కవరు మీద పసుపు చీటీ ఒకటి అంటించి పెట్టె అడుగున పెడతారు. "తీర్పు పూర్తయ్యేదాకా తెరవరాదు." తీర్పు రోజున వారెన్ దాన్ని తెరిచి అందరి ముందూ పైకి చదువుతాడు. తయారుచేసినవాడి గొప్పలు విని అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. మా వాళ్లకి అన్నిటికన్నా పెద్ద పండగ అదే.

ఇక్కడ ఒకటి గమనించండి. తయారుచేసినవాడి మాట చదివితే చెవులు పాడవుతాయి. కానీ నోట్‌బుక్‌లో తమకంటే ముందువాళ్లు రాసింది మాత్రం అందరూ చదువుతారు, వినకముందే చదువుతారు. మొదటి పేజీ ఎప్పుడూ వారెన్‌దే. ఇక మిగతా పది పేజీలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఆర్డిస్ నైగార్డ్ తన హెడ్‌ఫోన్ని ఈ పెట్టెలో పెట్టింది నా మాట విని.

ఆర్డిస్, నేను ఒకే చర్చిలో పాడతాం, పక్కపక్క కుర్చీల్లో. పల్లెటూళ్ల టెలిఫోన్ సహకార సంఘంలో ఇరవై రెండేళ్లు ఆపరేటర్ల హెడ్‌సెట్లు బాగుచేసింది. ఆ రిపేరు గది మూసేశాక టర్కీ కోళ్ల ప్లాంటులో చేరింది. చలిగదిలో నిలబడి, బెల్టు మీద వచ్చే కోళ్ల ఎముకలు తీసే పని. నాలుగేళ్లకి మణికట్లు రెండూ వాచిపోయాయి. రాత్రిళ్లు చేతులకి పట్టీలు కట్టుకుని పడుకునేది. కిందటి అక్టోబరులో మానేసింది. గాలివానకి పడిపోయిన వాల్‌నట్ చెట్టు దుంగల్ని గ్యారేజీలో చెక్కి, సెకండ్‌హ్యాండులో కొన్న తీగ చుట్టే యంత్రంతో వెంట్రుకకన్నా సన్నని రాగి తీగని చుట్టి, ఒక జత హెడ్‌ఫోన్ చేసింది. సెయింట్ పాల్‌లో దుకాణం ఉన్న డెరెల్ క్వామ్ దాన్ని చేత్తో పట్టుకు చూసి, "పని బావుందమ్మా. కానీ పేరు లేని సరుకు నేను అమ్మలేను. మీ సంఘంవాళ్లు ఎనిమిది మార్కులు వేస్తే పన్నెండు జతలు తీసుకుంటా" అన్నాడు. ప్లాంటు మేనేజరు మార్చి నెలాఖరుదాకా ఆమె చోటు ఎవరికీ ఇవ్వనన్నాడు. ఎనిమిది వస్తే గ్యారేజీ, రాకపోతే చలిగది.

"వాళ్ల చేతికిస్తే నన్ను నవ్వులపాలు చెయ్యరు కదా?" అని నన్ను అడిగింది.

"మూర్ఖులే, కాదనను. కానీ చెవులున్న మూర్ఖులు. నిజమే రాస్తారు, ఇవ్వు" అన్నాను.

జనవరి మొదటి వారంలో పెట్టె వారెన్ ఇంటికి వెళ్లింది. అయిదో వారంలో నా దగ్గరికి వచ్చింది.

నా మటుకు నేను నోట్‌బుక్ తెరవకుండానే విన్నాను. ఈ సంగతి రికార్డులో ఉండాలి. నా పరీక్షకి పాటలూ తాళాలూ అక్కర్లేదు. వాతావరణ రేడియోలో మంచు హెచ్చరిక చదివే మనిషి గొంతు ఒకటి రికార్డు చేసి పెట్టుకున్నాను. "స్టెర్న్స్, షెర్‌బర్న్, సిబ్లీ, స్విఫ్ట్ కౌంటీలలో..." అంటూ సాగుతుంది. 'స' అన్నప్పుడు మనిషి నోట్లో గాలి పళ్ల సందులోంచి పోయే ఆ సన్నని చప్పుడు సరిగ్గా వినిపిస్తే ఆ హెడ్‌ఫోన్ నిజం చెబుతున్నట్టు. కోర్టులో ఒకసారి ఆ చప్పుడు మీదే ఒకడికి శిక్ష పడింది.

ఆర్డిస్ హెడ్‌ఫోన్‌లో ఆ చప్పుడు లేదు. గొంతు ఉంది, లోతు ఉంది, ఆ మనిషి ఛాతీలో గరగర కూడా ఉంది. పై భాగం మాత్రం కంబళి కప్పినట్టుంది. ఆంప్ మార్చాను, అదే. శబ్దం పెంచాను, కంబళి ఇంకా బరువెక్కింది. కింద ఏదో అద్భుతంగా ఉందని తెలుస్తోంది, కానీ పైన ఏదో పడి ఉంది. నా వేళ్లు వాటంతటవే యంత్రం మీద కొట్టాయి. సన్నని కాగితం పట్టీ బయటికొచ్చింది. ఫిబ్రవరి ఆరు, ఉదయం పదింపావు. "స చప్పుడు లేదు. తీగలో లోపం కాదు. మధ్యలో ఏదో అడ్డం ఉంది. ఆర్డిస్‌ని అడగాలి."

అప్పుడు నోట్‌బుక్ తెరిచాను.

వారెన్ రాశాడు: "ముఖమల్ లాంటి ధ్వని. తొందరపడని, పండిన వయసు ధ్వని. మెరుపులు కోరే కుర్రచెవులకి ఇది నచ్చకపోవచ్చు. వేరుగా ఉంది. ఆరు."

మా మినసోటాలో ఒక వస్తువుని "వేరుగా ఉంది" అన్నారంటే దాన్ని పాతిపెట్టినట్టే. చెత్తగా ఉందని ఎవరూ అనరు. మాకంత మర్యాద.

కర్టిస్ రాశాడు: "అవును, ముఖమలే. నాలుగు ఆంప్‌లతో విన్నాను. దీనికి బలం చాలడం లేదనిపించి కొత్త గాజు గొట్టాల ఆంప్ ఒకటి తెప్పించాను. ఇప్పుడు ముఖమల్ ఇంకా ముఖమల్‌గా ఉంది. ఆరు." ఒక హెడ్‌ఫోన్ మూగగా ఉందని దాని పదింతల ఖరీదు పెట్టి ఆంప్ కొన్నాడు మహానుభావుడు. మూడోవాడు "పట్టు" అన్నాడు, కాస్త వేరుగా చెప్పాలని. నాలుగోవాడికి పట్టూ ముఖమలూ రెండూ వినిపించాయట.

కలం పట్టుకుని పావుగంట కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో సిగ్గు విడిచి చెబుతాను. మూడేళ్ల కిందట వారెన్ వెండి తీగ కేబుల్ ఒకటి తెచ్చి అందరికీ వినిపించాడు. నేను "నాకేమీ తేడా తెలియలేదు" అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, "కోర్టు చెవులు కదమ్మా. మాటలకి అలవాటు పడ్డాయి, సంగీతానికి కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఏ బల్ల దగ్గరికెళ్లినా, "కారిన్‌కి తెలియదులే" అని నా చేతికి హెడ్‌ఫోన్ ఇవ్వడమే మానేశారు. ఆ నవ్వు ఇంకోసారి వినాలని నాకు లేదు. ఈ మనుషులు పనికిమాలినవాళ్లని నాకు తెలుసు. వాళ్ల బల్ల దగ్గర కుర్చీ మాత్రం కావాలి.

"ముఖమల్ లాంటి ధ్వని" అని రాశాను. ఆరు వేశాను. కాగితం పట్టీ చింపి మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను. ఆర్డిస్‌ని ఏమీ అడగలేదు. తీర్పు కాకుండా తయారుచేసినవాళ్లతో మాట్లాడకూడదన్నది కూడా నియమమేనని నాకు నేనే చెప్పుకున్నాను. వారం తిరిగేసరికి పెట్టె ఆరో ఇంటికి పోయింది.

మార్చి చివరి మంగళవారం నాడు ఆర్డిస్ ఫోన్ చేసింది.

"శనివారం తీర్పు కదా. ప్లాంటువాళ్లు రేపటికల్లా మాట చెప్పమంటున్నారు. నోట్‌బుక్‌లో ఏముందో చెప్పమని నిన్ను అడగనులే, నీకు నియమాలున్నాయి. ఒక్కటి చెప్పు చాలు. నీకెలా వినిపించింది?"

"మెత్తగా ఉంది ఆర్డిస్."

"మెత్తగానా? పైన సన్నగా పలకడం లేదూ? నేను చుట్టినప్పుడు చాకులా పలికిందే!"

"అందరికీ మెత్తగానే వినిపించింది."

"అందరి సంగతి కాదు, నీ సంగతి అడుగుతున్నా. నీకు చీమ నడిచినా వినిపిస్తుంది కదా. ఏదన్నా అడ్డం పడినట్టుందా?"

చేతిసంచి నా ముందే, కుర్చీకి తగిలించి ఉంది.

"లేదు. నాకూ అలాగే వినిపించింది" అన్నాను.

"అయితే లోపం నా చేతుల్లోనే ఉందన్నమాట. ఈ మణికట్లతో ఏం చుట్టానో ఏమిటో" అని, ఆదివారం పాడబోయే పాట గురించి రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో అందరం చేరాం. బల్లల మీద ఆంప్‌లు, తీగలు, మధ్యలో ఎవరో ఓవెన్‌లో వండి తెచ్చిన హాట్‌డిష్ గిన్నె. బయట మంచు కరిగి బురదైతే, లోపల పదమూడు జతల బూట్లు తలుపు దగ్గర వరసగా ఉన్నాయి. సెయింట్ పాల్ నుంచి డెరెల్ క్వామ్ వచ్చాడు. ఆర్డిస్ చర్చికి వేసుకునే నీలం స్వెటర్ వేసుకుని, వెనకాల గోడ దగ్గర, కాఫీ ముట్టకుండా కూర్చుంది.

వారెన్ నోట్‌బుక్ తెరిచి పదకొండు పేజీలూ చదివాడు. ముఖమల్, ముఖమల్, పట్టు, పట్టుతో కలిసిన ముఖమల్, తొమ్మిదో పేజీలో ఎవడో తెగించి దూది అన్నాడు. నా పేజీ చదివినప్పుడు ఆర్డిస్ తలెత్తి నా వైపు చూసింది. కోపంగా కాదు.

"మొత్తం మీద ఆరు" అన్నాడు వారెన్. "ప్రయత్నం మాత్రం మెచ్చుకోవాలమ్మా. చెక్కపని చాలా బావుంది."

డెరెల్ గొంతు సవరించుకుని, "సరేనండీ. పిలిచినందుకు థాంక్స్" అని కోటు అందుకున్నాడు.

"కూర్చో డెరెల్, అసలు వినోదం ఇప్పుడే" అన్నాడు కర్టిస్. "కవరు ఉందిగా!"

అందరి ముఖాలూ వెలిగాయి. కుర్చీలు ముందుకి జరిగాయి. చేసిన మనిషి వెనకాలే కూర్చుని ఉందన్న ఇంగితం ఒక్కరికీ లేదు. నేనూ ముందుకి జరిగాను. వారెన్ పళ్ల డాక్టరు వేళ్లతో కవరు అంచు నాజూగ్గా కోసి, కాగితం తీసి, కళ్లజోడు సవరించుకుని, నాటకంలో చదివినట్టు మొదలుపెట్టాడు.

"'అయ్యా, అమ్మా, నమస్కారం. దారిలో దుమ్మూ తేమా పడకుండా చెవులకి ఆనే రెండు దిళ్ల లోపలా ఒక్కో ఉన్ని బిళ్ల పెట్టాను. దయచేసి వినే ముందు దిండు లాగి...'"

అక్కడ ఆగిపోయాడు. హాట్‌డిష్ గిన్నె మీద రేకు చిటపటలాడడం వినిపించింది. ఆ చప్పుడు మాత్రం అందరికీ చక్కగా వినిపించి ఉంటుంది.

"కవరు మీద కూడా రాశాను కదండీ" అంది ఆర్డిస్, కూర్చున్న చోటు నుంచే.

"కవరు మీద మా చీటీ తప్ప ఏమీ లేదే" అన్నాడు వారెన్.

ఆమె లేచి వచ్చి కవరు తీసుకుంది. గోటితో పసుపు చీటీ అంచు లేపి మెల్లిగా లాగింది. దాని కింద నీలం సిరాతో, పెద్ద అక్షరాలతో ఉంది: "వినే ముందు తెరిచి చదవండి." కింద రెండు గీతలు కూడా గీసింది పాపం.

ఆర్డిస్ హెడ్‌ఫోన్ తీసుకుని దిళ్లు రెండూ ఊడలాగింది. లోపల్నించి బూడిదరంగు ఉన్ని బిళ్లలు రెండు తీసింది, ఒక్కోటి అట్టముక్క మందం. పదకొండు వారాలు పదకొండు మంది గొప్ప చెవులవాళ్లు వీటిని విని మార్కులు వేశారు. దిళ్లు మళ్లీ బిగించి, బల్ల మీద అన్నిటికన్నా చవకదైన చిన్న ఆంప్‌కి తగిలించి, డెరెల్ చేతికిచ్చింది.

డెరెల్ కోటు తొడుక్కునే ఉన్నాడు. అలాగే నిలబడి విన్నాడు. ముప్పై సెకన్లు అయ్యాయి, అతను తీయలేదు. నిమిషం అయింది. మెల్లిగా కుర్చీలో కూర్చున్నాడు. పాట మొత్తం విన్నాడు. మా సంఘం పుట్టాక ఆ బేస్‌మెంట్‌లో ఒక పాటని చివరిదాకా విన్న మొదటి మనిషి అతనే.

"అమ్మా, పన్నెండు కాదు, ఇరవై ఇవ్వు. ఎప్పటికిస్తావ్?" అన్నాడు.

అప్పుడు మా వాళ్లకి నోళ్లు పెగిలాయి. అందరికన్నా ముందు వారెన్‌కే.

"చూశారా? నేను ముఖమల్ అన్నాను. ఉన్ని కదా అది! మధ్యలో బట్ట ఉందని చెవితోనే పట్టేశాను!"

"మీరు మొదటి రోజే పట్టేశారు" అన్నాడు కర్టిస్. "నేను కూడా, ఏదో గుడ్డ గుడ్డగా ఉందని మా ఆవిడతో అన్నాను. కావాలంటే అడగండి."

"నేను దూది అని కూడా రాశాను!" అన్నాడు తొమ్మిదోవాడు, మెడల్ ఇమ్మన్నట్టు.

తప్పు పట్టుబడిన క్షణంలోనే దాన్ని ప్రతిభగా మార్చుకున్న జనం వీళ్లు. సాక్షిబోనులో ఎంతోమంది అబద్ధాలకోరుల్ని చూశాను. వాళ్లకి కనీసం చెమటలు పట్టేవి.

"ఎప్పటికిస్తావమ్మా?" అని డెరెల్ మళ్లీ అడిగాడు.

"ఇవ్వలేను" అంది ఆర్డిస్. "తీగ చుట్టే యంత్రం బుధవారం అమ్మేశాను. చేపల గాలాలు చేసుకునే ఆయన ట్రక్కేసుకొచ్చి పట్టుకుపోయాడు. వాల్‌నట్ దుంగలు కూడా ఇచ్చేశా. సోమవారం పొద్దున అయిదున్నరకి ప్లాంటులో షిఫ్టు. సంతకం పెట్టేశా."

"అయ్యయ్యో, శనివారందాకా ఆగలేకపోయావా? మూడు రోజులేగా!"

"ఆగేదాన్నే. మంగళవారం ఒకరిని అడిగాను. కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు విన్నది విన్నట్టు రాసిన మనిషి. అడ్డం ఏదన్నా ఉందా అని కూడా అడిగా. లేదంది. ఆవిడకే వినిపించలేదంటే ఇక నా చేతుల్లోనే లోపం అనుకున్నా."

ఆమె నా పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పది తలలు నా వైపు తిరిగాయి. వారెన్ పెదవుల మీద ఆ పాత చిరునవ్వు మొదలవడం చూశాను. కోర్టు చెవులు.

ఆ నవ్వుని నేను భరించలేకపోయాను. ఆర్డిస్ కోసం లేచానని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఆ నవ్వు కోసమే లేచాను. చేతిసంచి తెరిచి, మడత పెట్టిన కాగితం పట్టీ తీసి, కోర్టులో చదివే గొంతుతో చదివాను.

"ఫిబ్రవరి ఆరు, ఉదయం పదింపావు. స చప్పుడు లేదు. తీగలో లోపం కాదు. మధ్యలో ఏదో అడ్డం ఉంది. ఆర్డిస్‌ని అడగాలి."

"నువ్వు విన్నావా?" అన్నాడు వారెన్. ఆయన నవ్వు ఆగిపోయింది.

"మొదటి నిమిషంలోనే విన్నాను."

ఒక్క క్షణం, దేవుడు నన్ను క్షమించాలి, నాకు గర్వంగా అనిపించింది.

ఆర్డిస్ నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు. "ఫిబ్రవరి ఆరంటే ఏడు వారాలైంది. మంగళవారం నేనడిగినప్పుడు ఈ కాగితం నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"ఎక్కడుంది?"

"ఈ సంచిలోనే. ఫోన్ పక్కనే ఉంది."

తల ఊపింది. సాక్షి చెప్పాల్సింది చెప్పేశాక, ఇంకేం అడగాలో తోచని లాయర్లు ఊపినట్టు.

"ఆ ఒక్క జతా నాకు అమ్మమ్మా, ఎంతైనా ఇస్తా. లోకంలో ఒక్కటే ఉన్న వస్తువు!" అన్నాడు వెనక నుంచి వారెన్. ఇందాక ఆరు మార్కులు చదివింది ఆ నోరే.

ఆమె వినిపించుకోలేదు. హెడ్‌ఫోన్ని గుడ్డలో చుట్టి వెంట తెచ్చుకున్న సంచిలో పెట్టుకుంది. ఆ పట్టీలు కట్టుకునే చేత్తో నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, ఉన్ని బిళ్లలు రెండూ అందులో పెట్టింది.

"ఉంచుకో కారిన్. నాకు ఇక అవసరం లేదు. వీటితో నువ్వే బాగా వింటావ్."

తలుపు దగ్గర బూట్లు తొడుక్కోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. లేసులు కట్టుకోవడానికి వేళ్లు సరిగ్గా వంగడం లేదు. ఒక్కరం కూడా లేవలేదు. డెరెల్ మాత్రం వెళ్లి ఆమె సంచి పట్టుకున్నాడు, ఇద్దరూ మెట్లెక్కి వెళ్లిపోయారు.

"కాస్త మనసుకి తీసుకుంది పాపం" అన్నాడు కర్టిస్, గుమ్మడికాయ బార్ కొరుకుతూ.

వారెన్ తన పక్క కుర్చీ మీదున్న ఆంప్ తీసి కింద పెట్టాడు. ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీ లేనిది. దాన్ని నా వైపు జరిపాడు.

"కూర్చో కారిన్. ఇన్నాళ్లూ నిన్ను తక్కువగా చూశాం. నీవీ బంగారు చెవులే. మే నెలలో ఇంకో పెట్టె వస్తోంది. ఈసారి మొదటి పేజీ నువ్వే రాయాలి. రాస్తావా?"

ఆరేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. ఉన్ని బిళ్లలు గుప్పిట్లో చెమటకి తడిసి గుచ్చుకుంటున్నాయి. విదిలించి పారేయొచ్చు. ఇంకా మెట్ల మీదే ఉన్న ఆర్డిస్ వెనకాల పరిగెత్తొచ్చు. వీళ్లందరి ముఖాల మీదా ఏం చెప్పాలో నాకు పూర్తిగా తెలుసు, మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

కూర్చున్నాను.

"సరే" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు కొద్దీ, బల్ల కింద నా రెండో చేతి వేళ్లు ఆ మాటని కూడా రాసుకున్నాయి.